కుట్టుకి వదిలిన అంగుళం

మార్చి 3, సోమవారం

ఇవాళ తమ్ముడు టీవీలో కనిపించాడు. ఎవరికి కనిపించాడో తెలీదు. మాకు మాత్రం చుక్కలు కనిపించాయి.

అమ్మ సాయంత్రం కాకముందే తల దువ్వుకుని, కుర్చీ లాక్కుని టీవీ ముందు కూర్చుంది, అటునుంచి వాడు తనని చూస్తాడన్నట్టు. ఆరున్నరకి వాడి బులెటిన్. నేను టీవీ మీదుండే చిన్న యాంటెనాని పట్టుకుని గదంతా తిరిగాను. కిటికీ దగ్గర బుసబుస. బీరువా దగ్గర ఇంకా పెద్ద బుసబుస. ఆ చప్పుడు వెనకాల ఎక్కడో ఒక మనిషి గొంతు ఉన్నట్టే ఉంది. అదిగో చిన్నోడు అంది అమ్మ. ఎక్కడే అంటే చుక్కల్లోకి వేలు చూపించింది.

ఎవరికైనా చెప్పుకోకపోతే తల పగిలిపోయేలా ఉంది కాబట్టి రాస్తున్నాను. తమ్ముడికి చిన్నప్పట్నుంచీ నత్తి. ఒక్కో అక్షరం దగ్గర గొంతుకి తాళం పడిపోతుంది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని కావాలని, కొండ మీది చిన్న టీవీ స్టేషన్లో టేపులకి లేబుళ్లు అతికించే ఉద్యోగంలో చేరాడు. కిందటి నెల అక్కడ సాయంత్రం వార్తలు చదివే ఆయన గొంతు పోయింది. లైట్లు సరిచూసుకోవడానికి ఎవరో ఒకరు కుర్చీలో ఉండాలని వీణ్ని కూర్చోబెట్టి, ముందున్న కాగితం చదవమన్నారట. ఎదురుగా మనిషంటూ లేడు, కెమెరా అద్దం తప్ప. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తడబడకుండా చదివేశాట్ట. స్టేషన్ మేడమ్ విని, ఈ నెలంతా ట్రయల్, ముప్పయ్యొకటి దాకా నువ్వే చదువు, తర్వాత సంగతి తర్వాత అందిట.

ప్రపంచం తలకిందులయ్యే వార్తలేం కావు. రేపు వాన పడుతుందా, ఏ వీధికి కరెంటు తీస్తారు, ఎవరి గొడుగు ఎక్కడ దొరికింది. అయినా వార్తలే.

మా వీధి పల్లంలో ఉంది, ఆ స్టేషన్ మా ఇంట్లో రాదు. తమ్ముడికి అదే సంతోషం. మీరు చూస్తున్నారని తెలిస్తే నాకు నోరు పెగలదక్కా, ఇక్కడ రాకపోవడమే నా అదృష్టం అన్నాడు నిన్న. ఆ ముక్క చెప్పడానికే వాడికి చెమటలు పట్టాయి.

నేను చూడాలి. వాడికి తెలియకుండా చూడాలి. ట్రయల్ అయ్యాక వాణ్ని తీసేస్తే మళ్లీ ఈ జన్మలో చూసే యోగం ఉండదు.

మార్చి 4, మంగళవారం

కేబుల్ అతన్ని అడిగాను. ఆ స్టేషన్ మా లైన్లో ఇవ్వమండీ, దాన్ని ఎవరు చూస్తారు చెప్పండి అన్నాడు. మేమూ చూడటం లేదు నాయనా, అదే కదా బాధ అన్నాను. అతనికి అర్థం కాలేదు.

అక్కణ్నుంచి రేడియో షాపు బాబాయి దగ్గరికి వెళ్లాను. చుట్టమేం కాదు, వీధి వీధంతా ఆయన్ని బాబాయే అంటుంది. విషయం విని, ఇంట్లో యాంటెనాతో అయ్యే పని కాదు, మేడ మీద యాగీ పెట్టాలి అన్నాడు. దాని పేరే అదట. పొడుగాటి పట్టె మీద అడ్డంగా వరసగా కడ్డీలు. మధ్య కడ్డీకే వైరు తగిలిస్తారు, సిగ్నల్ అందుకునేది అదే. దాని వెనకాల కొంచెం పొడుగు కడ్డీ ఒకటి, అది సిగ్నల్‌ని ముందుకి తోస్తుంది. ముందు వైపు కొంచెం పొట్టి కడ్డీలు, అవి లాగుతాయి. ఎటు తిప్పి పెడితే అటే చూస్తుంది, పక్కన ఏం జరుగుతున్నా పట్టించుకోదు. నాకు భలే నచ్చింది.

మీరే చేసి పెట్టండి అంటే మోకాళ్లు చూపించాడు. మెట్లెక్కలేడు. ఒక అట్టముక్క మీద బొమ్మ గీసి, ఒక్కో కడ్డీ ఎంతుండాలో, దేనికీ దేనికీ మధ్య ఎంత దూరమో రాసిచ్చాడు. నేను చేసుకుంటాలెండి అన్నాను. కళ్లద్దాల పైనుంచి చూసి, చొక్కా కుట్టినంత తేలిక కాదమ్మా అన్నాడు.

చొక్కా కుట్టడం తేలికని ఈయనకి ఎవరు చెప్పారో.

ఇంటికొచ్చి అమ్మతో యాగీ చేస్తున్నానే అన్నాను. కొత్తగా ఏముంది, రోజూ చేసేదే కదా అంది.

మార్చి 6, గురువారం

మా ముందు గదే నా టైలరింగ్ షాపు. ఇవాళ మధ్యాహ్నం నుంచి అది కమ్మరి కొట్టయింది. స్కూలు యూనిఫారాలు ఓ పక్కకి నెట్టేసి, పాత అల్యూమినియం కర్టెన్ కడ్డీలు బల్ల మీద పరిచాను. పట్టె కోసం అటక మీదున్న విరిగిన మంచం దింపాను. మంచం పట్టె ఎంత నిటారుగా ఉందో. దాని మీద పడుకున్నన్నాళ్లూ ఎవరం గమనించలేదు.

అట్టముక్క గోడకి గుచ్చి, మెడలో టేపు వేసుకుని, చెవి వెనక సుద్ద పెట్టుకుని దిగాను. ఒక్కో కొలతా పైకి చదువుకుంటూ గీత గీశాను. అల్యూమినియం మీద సుద్ద నిలవదు, అయినా నా చేతికి గీత కనిపించక్కర్లేదు. ఇన్నేళ్లుగా గుడ్డలు కోస్తున్న చెయ్యి. రంపంతో కోసింది మాత్రం ఇదే మొదటిసారి. పళ్లు జివ్వుమన్నాయి. అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని వచ్చి కడ్డీ రెండో చివర పట్టుకుంది. కోస్తున్నంతసేపూ అయిపోయింది, అయిపోయింది అంటూనే ఉంది. ఆవిడకి ఏదైనా కాకముందే అయిపోతుంది.

సాయంత్రానికి అన్నీ తయారు. రెండు చివరలూ ఆకురాయితో నున్నగా రాశాను. బాబాయి చూస్తే కళ్లు తిరిగి పడాలి.

మార్చి 9, ఆదివారం

తమ్ముడికి సెలవు. యాంటెనాని కటింగ్ బల్ల కింద పెట్టి దుప్పటి కప్పాను. వాడు మధ్యాహ్నం అదే బల్లకి కాలు ఆనించి కూర్చుని పేపరు చదివాడు. నేను పక్కనే నిలబడి దుప్పటి అంచుని కాలితో లోపలికి తోస్తూ ఉన్నాను.

భోజనాల దగ్గర స్టేషన్ కబుర్లు చెప్పబోయాడు. స్టేషన్ మే, మే అని ఆగాడు. మేకప్పా అంది అమ్మ. మేడమా అన్నాను నేను. నేను కరెక్టు. వాడు తలూపాడు. మేడమ్ ఏమందంటే బా, బా. బాగుందందా అంది అమ్మ. వాడు మళ్లీ తలూపి కూర కలుపుకున్నాడు. నాకెందుకో మేడమ్ అన్నది అది కాదనిపించింది. కానీ వాడు ఇంక చెప్పలేదు.

మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే. వాడు మొదలుపెడితే మేమిద్దరం పోటీ పడి పూర్తి చేస్తాం.

మార్చి 11, మంగళవారం

ఎక్కించాను.

ఇనుప గొట్టం నేను ఒక్కదాన్నే మెట్ల మీదుగా ఈడ్చుకెళ్లాను. దాన్ని నీళ్ల ట్యాంకు పక్కన నిలబెట్టి, తాళ్లతో మూడు వైపులా కట్టి, పైన పట్టెని బిగించాను. వైరు కిటికీలోంచి లోపలికి దింపాను. పొట్టి కడ్డీలున్న వైపు కొండ మీది టవర్‌కేసి తిప్పాను. టవర్ చిటికెన వేలంత కనిపిస్తోంది.

నేను పైనుంచి వచ్చిందా అని అరిస్తే అమ్మ కిందనుంచి వచ్చిందనో రాలేదనో అరవాలి. కానీ అలా అరిస్తే వీధంతటికీ తెలుస్తుంది, ఎవరో ఒకరు తమ్ముడికి చేరేస్తారు. అందుకని అమ్మ చేతికి స్టీలు కంచం, గరిటె ఇచ్చాను. ఒక దెబ్బ అంటే బొమ్మ పోయింది. రెండు దెబ్బలంటే వచ్చింది.

ఆరున్నరకి తిప్పడం మొదలుపెట్టాను. రెండు దెబ్బలు. పరుగున కిందికి దిగాను. చుక్కలు. ఏదే బొమ్మ అంటే, వచ్చేలా ఉందే అంది. మళ్లీ పైకి. మళ్లీ రెండు దెబ్బలు. మళ్లీ చుక్కలు. మూడోసారి దిగేసరికి గుమ్మంలో పక్కింటావిడ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. పిలిచారనుకుని వచ్చిందట.

బులెటిన్ అయిపోయింది. వాడు చదివాడు, మేం వినలేదు.

మార్చి 12, బుధవారం

చుక్కలు. నిన్నటి కంటే చిక్కగా.

మార్చి 14, శుక్రవారం

ఇవాళ వాడికి స్టేషన్లో మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్న టవల్ కోసమని మేడెక్కాడు. నేను వెనకాలే ఉరికాను. ఇదేంటక్కా అన్నాడు, యాంటెనాకేసి చూస్తూ. బట్టలు ఆరేసుకునే స్టాండు, కొత్త మోడల్ అన్నాను. నోటికి అదే వచ్చింది. నిజమని చూపించడానికి చేతిలో ఉన్న యూనిఫారం చొక్కాలు రెండు కడ్డీల మీద వేశాను. బాగుంది అన్నాడు. మంచం పట్టెని నిమిరాడు. కింద వేలాడుతున్న వైరుకేసి కూడా చూశాడేమో. బస్సుకి టైమవుతోందని తరిమేశాను.

అబద్ధం బాగానే అతికిందనుకుంటున్నాను.

మార్చి 17, సోమవారం

ఇవాళ ఒకటి జరిగింది. రాస్తుంటే ఇంకా నమ్మకం కుదరటం లేదు.

నాలుగు రోజులుగా చేయని ప్రయత్నం లేదు. గొట్టం ఎత్తు పెంచాను. వైరు మార్చాను. మధ్య కడ్డీ స్క్రూలు విప్పి, తుడిచి బిగించాను. ట్యాంకుకి ఇటుపక్క పెట్టాను, అటుపక్క పెట్టాను. బాబాయి అట్టముక్క మీది దూరాలన్నీ మళ్లీ కొలిచాను, ఒక కడ్డీకీ ఇంకో కడ్డీకీ మధ్య చీమంత తేడా లేదు. టవర్‌కేసి గురిపెడితే చుక్కలు. కొంచెం ఎడమ, చుక్కలు. కొంచెం కుడి, చుక్కలు.

ఇవాళ సాయంత్రం ఒళ్లు మండి, పట్టెని రెండు చేతులతో పట్టుకుని ఒక్క తోపు తోశాను. అది గిర్రున తిరిగి టవర్‌కి వీపు పెట్టి ఆగింది. కింద రెండు దెబ్బలు. నేను దిగలేదు. అమ్మ దెబ్బల్ని నమ్మడం మానేశాను. మళ్లీ రెండు. మళ్లీ రెండు. కంచం సొట్టపడేలా కొడుతోంది. సరే అని దిగాను.

బొమ్మ! అంటే బొమ్మ అనదగ్గ బొమ్మ కాదు. పొగలో ఎవరో కూర్చున్నట్టు ఒక గడ్డం, ఒక భుజం. గొంతు కూడా ఉంది, మాటలు లేవు. అమ్మ వాడే వాడే అంది. ఎవరైనా కావచ్చే అన్నాను. నా కొడుకు భుజం నాకు తెలీదా అంది.

యాంటెనా కొండకేసి చూస్తే కనపడడు, కొండకి వీపు తిప్పితే కనపడతాడు. ఇదెక్కడి విడ్డూరం.

మార్చి 18, మంగళవారం

బాబాయి నమ్మలేదు. కడ్డీలు వెనకది ముందు, ముందువి వెనక బిగించి ఉంటావు అన్నాడు. లేదన్నాను. అలా అయితే టవర్ ఎటుందో నీకు తెలీదన్నాడు. షాపు మెట్టు మీద నిలబెట్టి చూపించాను. గడ్డం గోక్కుని, యాంటెనాకి కూడా నీలాగే మొండితనం వచ్చినట్టుంది అన్నాడు. నవ్వాను గానీ లోపల ఏడుపుగా ఉంది. నెల సగం దాటిపోయింది.

వదిలిపెట్టేది లేదు.

మార్చి 20, గురువారం

నిన్న బులెటిన్లో తమ్ముడు ఆగిపోయాట్ట.

ఇవాళ పొద్దున్న టిఫిన్ దగ్గర చెప్పాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది, ఈసారి మేం అందిస్తే కూడా తలూపలేదు. ఒక మాట దగ్గర గొంతు మూసుకుపోయి, కెమెరా వంక అలాగే చూస్తూ కూర్చున్నాట్ట. ఆ తర్వాత ఎలాగో ముగించాడు. ఎవరో స్టేషన్‌కి ఫోన్ చేసి, మనిషి కదలకపోతే టీవీ పాడైందనుకుని రెండు తట్టామండీ అన్నారట. మేడమ్ ఏమీ అనలేదట. అదే వాడికి ఎక్కువ భయంగా ఉంది. ఇంకోసారి ఇలా అయితే ఆవిడ చెప్పేదాకా ఆగను, నేనే మళ్లీ లేబుళ్ల పనికి వెళ్లిపోతాను అన్నాడు.

అమ్మ వెంటనే, పోనీరా చిన్నోడా, ఆ వెధవ ఉద్యోగం లేకపోతే ఏం, అక్క షాపులో కాజాలు కుట్టుకుంటూ కూర్చో, ఎవరూ నిన్ను మాట్లాడమనరు అంది. ప్రేమతోనే అంది. వాడి మొహం చూడాల్సింది. నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. వాడు ఎప్పుడు లేచి వెళ్లాడో చూసుకోలేదు, చెయ్యి కడిగిన చప్పుడు కూడా రాలేదు.

మిగిలింది పది పదకొండు రోజులు. చివరి రోజు దాకా వాడే ఉంటాడన్న నమ్మకం కూడా ఇప్పుడు లేదు. ఆ యాంటెనా సంగతేంటో ఈ వారంలో తేల్చాలి.

మార్చి 22, శనివారం

తేలింది. తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియక రాస్తున్నాను.

పొద్దున్న యూనిఫారం పాంట్లు కోస్తున్నాను. కొలత పెట్టాను, సుద్ద తీశాను, నా చెయ్యి దాని మానాన అది గీత దాటి అంగుళం అవతల గీసింది. కుట్టుకి వదలాలి కదా. పైగా పిల్లల బట్టలు, ఎదుగుతారు, విప్పుకోవడానికి రెండు పక్కలా అంగుళం. ఇన్నేళ్లుగా ఈ చేతికి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

గీసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

టేపు పట్టుకుని మేడెక్కాను. మొదటి కడ్డీ. అట్ట మీద రాసినదాని కంటే రెండంగుళాలు ఎక్కువ. ఒక చివర అంగుళం, ఇంకో చివర అంగుళం. రెండో కడ్డీ అంతే. అన్నీ అంతే. మధ్య దూరాలు పదిసార్లు కొలిచాను గానీ, కోసిన కడ్డీని మళ్లీ కొలవాలని ఒక్కసారి కూడా తోచలేదు. నేను కోసింది తప్పవుతుందని అనుకుంటే కదా.

యాంటెనాకి కుట్టు వదిలాను. అది ఎదుగుతుందని విప్పుకోవడానికి కూడా వదిలాను.

మేడ మీద ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. తర్వాత షాపు మూసి బాబాయి దగ్గరికి పరిగెత్తాను. ఆయన చేతిలో టీ ఒలికింది, నవ్వీ నవ్వీ దగ్గు పట్టుకుంది. నెమ్మదించాక చెప్పాడు. ముందు కడ్డీలు పొట్టిగా ఉంటేనే లాగుతాయి, పొడుగైపోతే వెనక కడ్డీ చేసే పని అవి మొదలుపెడతాయి, సిగ్నల్‌ని తోసేస్తాయి. అందుకే వీపు తిప్పితే బొమ్మ వచ్చింది. యాంటెనాది మొండితనం కాదన్నమాట, నేను కోసినట్టే అది నడుచుకుంది. నయం, పొట్టిగా కోశావు కాదు, పొడుగుని తగ్గించొచ్చు, పొట్టిని సాగదీయలేం అన్నాడు. ఆ సంగతి నాకు చెప్పక్కర్లేదు, నేను టైలర్ని.

నేను వస్తుంటే వెనకనుంచి, బొత్తాలు కూడా కుట్టావేమో చూసుకో అని అరిచాడు. ఈ మాట ఆయన చచ్చేదాకా వదలడు.

మార్చి 23, ఆదివారం

వాడు ఇంట్లోనే ఉన్నాడు. రంపం ముట్టుకోలేదు. ఆదివారం ఇంత పొడుగుంటుందని తెలీదు.

మార్చి 24, సోమవారం, రాత్రి భోజనాలయ్యాక

చూశాను. చూశాను. చూశాను.

పొద్దున్నే కడ్డీలన్నీ దింపి అటో అంగుళం, ఇటో అంగుళం కోశాను. ఈసారి కొలిచి, కోసి, మళ్లీ కొలిచాను. చేతిని నమ్మలేదు, దాని మీద కన్నేసి ఉంచాను. అన్నీ బిగించి, టవర్‌కి గురిపెట్టి, ఆరింటికే కింద కూర్చున్నాను. చుక్కలు పలచబడి ఉన్నాయి. పూలకుండీ ఒకటి కనిపిస్తోంది, వెనక పాట. బులెటిన్‌కి ముందు అదే వేస్తారట. ఆ పూలకుండీని చూసి అమ్మ దణ్ణం పెట్టింది.

ఆరున్నరకి పూలకుండీ పోయి తమ్ముడు వచ్చాడు.

నేను కుట్టిన చొక్కాయే. ఎడమ కాలరు కొస లేచి ఉంది, లోపల గట్టి గుడ్డ మార్చాలి. జుట్టు ఎవరో పక్కకి దువ్వారు. నమస్కారం అన్నాడు. ఆ ఒక్క మాటకే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మార్కెట్ వెనక వీధికి రేపు పొద్దున్న కరెంటు ఉండదు. బస్టాండులో గోధుమరంగు గొడుగు దొరికింది, పోగొట్టుకున్నవాళ్లు వచ్చి తీసుకోవచ్చు. ఎంత చక్కగా చదువుతున్నాడో. తొందర లేదు, భయం లేదు. మా ఇంట్లో నేను ఎరగని మనిషి.

అప్పుడు ఆగాడు. రేపటి వా, అని ఆగాడు.

వాతావరణం అన్నాను నేను. వాతావరణం అంది అమ్మ. ఇద్దరం ఒకేసారి, టీవీకేసి వంగి, గట్టిగా. వాడికి వినపడలేదు. ఎలా వినపడుతుంది. అటునుంచి ఇటే గానీ ఇటునుంచి అటు వెళ్లదు కదా.

వాడు కెమెరాకేసి చూస్తూ అలాగే ఉన్నాడు. పెదవులు కలిపి ఉన్నాయి. కంగారేం లేదు మొహంలో, తలుపు తీసేదాకా గుమ్మంలో నిలబడ్డవాడిలా ఉన్నాడు. అమ్మ నా చెయ్యి నొక్కేసింది. ఆ తర్వాత వాతావరణం అన్నాడు. పొడిగా ఉంటుంది అన్నాడు. ముందుకి వెళ్లిపోయాడు.

వాడికి ఒక మాట రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు ఇప్పటిదాకా తెలీదు. చివరిదాకా ఎప్పుడూ చూడనే లేదు.

బులెటిన్ అయ్యాక అమ్మ లేచి టీవీ కట్టేసింది. తర్వాత, వాడంతట వాడే అన్నాడే అంది. అంతే.

మార్చి 25, మంగళవారం

పొడిగా ఉంటుందని వాడు చెప్పాడు గానీ ఎడాపెడా వాన. వైరు అతుకులోకి నీళ్లు దిగాయి. బొమ్మ లేదు. రేపు ఎలాగైనా అతుక్కి ఏదైనా చుట్టాలి.

మార్చి 26, బుధవారం

షాపులో గిరాకీ తెమిలేసరికి సాయంత్రమైంది. గబగబా మేడెక్కి చూస్తే, వైరు అతుక్కి నల్ల టేపు చుట్టి ఉంది. కింద నుంచి పైకి, నీళ్లు జారిపోయేలా వరసగా, చాలా శ్రద్ధగా. నేను చుట్టలేదు. బాబాయి మోకాళ్లతో మేడెక్కలేడు. అమ్మని అడిగితే టేపంటే కొలతల టేపు తెచ్చిచ్చింది.

పోనీలే. బొమ్మ అద్దంలా ఉంది. ఇవాళ వాడు రెండుసార్లు ఆగాడు, రెండుసార్లూ తేరుకున్నాడు. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

మార్చి 30, ఆదివారం

భోజనాల దగ్గర వాడు రేపు ఆ, అని ఆగాడు. నేను బలవంతాన నోరు మూసుకున్నాను. అమ్మ కూడా మూసుకుంది, మొహం ఎర్రబడింది, ఇక ఆగలేక ఆఖరి రోజా అనేసింది. వాడు తలూపాడు. తర్వాత అమ్మ వంటింట్లోకి వెళ్లి గిన్నెలు అదే పనిగా తోమింది.

టీవీ ముందు ఆగగలిగిన మనిషి కంచం ముందు ఆగలేకపోయింది. నేనైనా గొప్పేం కాదు, పళ్లతో నాలుక పట్టుకుని కూర్చున్నాను.

మార్చి 31, సోమవారం

ఆఖరి బులెటిన్ నేను చూడలేదు.

పొద్దున్నుంచీ గాలి. ఆరున్నరకి ఐదు నిమిషాలుందనగా టీవీ పెడితే చుక్కలు. పైకి ఉరికాను. అమ్మ మధ్యాహ్నం దుప్పట్లు ఉతికి యాంటెనా మీద ఆరేసింది. స్టాండని తమ్ముడికి చెప్పాం కదా, నిజంలా ఉండాలని. తడి దుప్పట్లు గాలికి తెరచాపల్లా లేచి గొట్టాన్ని అటూ ఇటూ ఊపుతున్నాయి, ఒక తాడు అప్పటికే తెగింది. దుప్పట్లు లాగి పారేశాను. పట్టె మాత్రం నిలవడం లేదు. కట్టుకుంటూ కూర్చుంటే బులెటిన్ అయిపోతుంది. గొట్టాన్ని రెండు చేతులా పొదువుకుని, కొండ మీది టవర్‌కేసి గురిచూసి, అలాగే నిలబడిపోయాను.

కింద రెండు దెబ్బలు.

కదిలితే ఒక దెబ్బ, సర్దితే రెండు. అమ్మ ఇవాళ ఒక్క అబద్ధపు దెబ్బ కూడా కొట్టలేదు. చేతులు లాగేస్తున్నాయి, మొహాన జుట్టు. కిందికి వెళ్లి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. వెళ్తే అమ్మకి కూడా కనపడదు. ఎవరో ఒకరు చూడాలి. ఇవాళ వాణ్ని ఎవరో ఒకరు చివరిదాకా చూడాలి.

కాసేపటికి కింద ఏ చప్పుడూ లేదు. ఒక దెబ్బా లేదు, రెండూ లేవు. బొమ్మ పోయిందా, వాడు ఆగిపోయాడా, అమ్మే లేచి వెళ్లిపోయిందా. ఏమైందే అని అరవబోయి ఆగాను. నిశ్శబ్దం ఎంతసేపుందో చెప్పలేను. నాకైతే ఓ పాంటు కుట్టేంతసేపు అనిపించింది. గొట్టం వదల్లేదు.

రెండు దెబ్బలు.

తర్వాత దిగి చూస్తే అమ్మ కుర్చీలో గరిటె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. సెలవు అనే మాట దగ్గర ఆగాట్ట. చాలాసేపట. నేను నోరు మెదపలేదే అంది. గరిటె కూడా మెదపలేదు, ఆ చప్పుడుకి వాడు బెదిరిపోతాడేమోనని అంది. వాడికి వినపడదు కదే అని నేను అనలేదు.

ఆఖరి బస్సుకి వచ్చాడు. మేడ మీద పడున్న తడి దుప్పట్లు వాడే కిందికి తెచ్చాడు. మేడమ్ ఏమందో అడగలేదు. వాడూ చెప్పలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

భోజనాల దగ్గర వాడు యా, అని ఆగాడు. అమ్మ నావంక చూసింది. నేను కంచంవంక చూశాను. ఎవరం ఏమీ అందించలేదు. కూర చల్లారింది.

యాంటెనాకి టేపైతే నేను చుట్టాను గానీ, తడి దుప్పట్ల సంగతి మీరే చూసుకోవాలక్కా, రేపట్నుంచీ కూడా నేనే చదివేది అన్నాడు.